సాలూరు ఘాటీలో రెండు బళ్లు

2024 అక్టోబరు 15, మంగళవారం. విజయనగరం

పైడితల్లమ్మ సిరిమాను మూడోసారి కోట దగ్గరికి వెళ్లి మళ్లేసరికి చీకటి పడింది. పొద్దున్నుంచీ ఊళ్లోకి బళ్లు రానివ్వలేదు, ఎక్కడికెళ్లినా నడకే. మేనల్లుడు రాజాం నుంచి వచ్చాడు. బండి ఎక్కడో ఊరి బయట పెట్టి జనంలోపడి ఇంటికి చేరాడు. రాగానే అదే ప్రశ్న: “మావయ్యా, ఈ ఏడైనా కొత్త బండి కొంటావా, వచ్చే సిరిమానుక్కూడా ఇలాగే చూస్తా ఉంటావా?”

కొంటాను. పాత వ్యాగనార్‌కి మార్చితో పదిహేనేళ్లు నిండుతాయి. మళ్లీ ఫిట్‌నెస్ చేయించి ఇంకో ఐదేళ్లు లాగొచ్చు గానీ, నాకిక లాగాలని లేదు. ఇంటికి సరిపోయే బండి కాకుండా, నడపాలని నాకు ముచ్చటగా ఉండే బండి ఒక్కటి కొనాలని చాలాకాలంగా ఉంది. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు ఏం చేస్తున్నాయో చేతికి తెలియాలి. గేరు మార్చడంలో ఆనందం ఉండాలి. ఈ మాట మా ఆవిడతో అంటే, “మీ ఇష్టమే కానీ, వెనక సీట్లో మావయ్యగారు కూర్చోగలగాలి” అంది. ఇవే మా షరతులు.

అక్టోబరు 19, శనివారం

విశాఖ వెళ్లి రెండు షోరూములు తిరిగాను. ముందు టాటా ఆల్ట్రోజ్ రేసర్, మధ్యాహ్నం భోజనమయ్యాక హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్. రెండూ 120 హార్స్‌పవర్ టర్బో పెట్రోలు బళ్లే, రెండింటికీ ఆరు గేర్లే. కాగితం మీద టార్కు కూడా దాదాపు ఒకటే: 170, 172.

నడిపాక ఏం తెలిసిందంటే చెప్పడం కష్టం. మొదటిది నడిపినప్పుడు రోడ్డు ఖాళీ, రెండోది నడిపినప్పుడు స్కూలు బస్సుల వెనక. ఒకదాంట్లో వెనక సీటు ఖాళీ, రెండోదాంట్లో వెనక ఇద్దరు కుర్రాళ్లు. షోరూం వాళ్లకొక దారి ఉంటుంది: సర్వీసు రోడ్డు, ఒక యూ టర్ను, కాస్త హైవే, మళ్లీ గేటు. ఆ దారిలో ఏ బండైనా బాగానే ఉంటుంది. పక్కసీట్లో కుర్రాడు సన్‌రూఫ్ తెరిచి చూపిస్తుంటే ఇంజను వినబడదు.

ఇంటికొచ్చి రాసుకుందామని కూర్చుంటే ఆల్ట్రోజ్ క్లచ్చు ఎంత బరువో గుర్తుకు రాలేదు. అంటే నడిపిన ఆ పూటకే చెరిగిపోయింది. కంటికి, చెవికి ఉన్నంత జ్ఞాపకం కాలికి ఉండదు. రెండు బళ్లను పోల్చాలంటే ఒకే పూట, ఒకే దారిలో, దిగిన వెంటనే రెండోది ఎక్కాలి. మిగతాదంతా అభిప్రాయమే.

అక్టోబరు 25, శుక్రవారం

దానా తుపాను రాత్రి ఒడిశాలో తీరం దాటిందట. మనకి గాలీ జల్లూ. కరెంటు వచ్చిపోతూ ఉంది. బ్రోషర్లు ముందేసుకున్నాను.

మన దేశంలో ఈ తరహా బళ్లు ఎందుకిలా ఉంటాయో పన్ను చూస్తే తెలుస్తుంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను అయితే ఇప్పుడు, 2024లో, జీఎస్టీ, సెస్సు కలిపి 29 శాతం. పొడవు దాటిందా, 1500 సీసీ దాకా 45 శాతం. అందుకే ఐ20 పొడవు 3995 మిల్లీమీటర్లు, ఇంజను 998 సీసీ. మూడు సిలిండర్ల చిన్న ఇంజనుకి టర్బో తగిలించి బలం రప్పించడం ఇంజనీర్ల సరదా కాదు, ఆ గీత లోపల ఇమిడే ఉపాయం. నిజమైన స్పోర్ట్స్ కారు, రెండు సీట్లు, వెనక చక్రాలకు పవరు, మనకి అందే ధరలో ఒక్కటీ లేదు. ప్రపంచమంతా మెచ్చుకునే మాజ్డా ఎంఎక్స్-5ను ఇక్కడ అమ్మనే లేదు. అబార్త్ పుంటో 2015లో వచ్చింది, 145 హార్స్‌పవర్. కొన్నేళ్లకే పోయింది. మనలాంటి వాళ్లకు మిగిలింది ఈ చిన్న టర్బో బళ్లు, వాటిపైన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ.

వర్టస్ సెడాన్, పొడవు 4561. నాలుగు సిలిండర్ల 1.5 టర్బో, 150 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు. కొత్తది నా చేతికందదు. కానీ మా కాలేజీలో బోటనీ మాస్టారికి మాన్యువల్ ఉంది. మేనల్లుడికి ఎన్ లైన్ మాన్యువల్ ఉంది. షోరూం వాళ్లను బతిమాలడం ఎందుకు?

నవంబరు 2, శనివారం

నిన్న ముఖ్యమంత్రి ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురం వచ్చారు, ఉచిత గ్యాసు పథకం మొదలుపెట్టడానికి. ఇవాళ అనకాపల్లి జిల్లా వెన్నెలపాలెంలో గోతులు పూడ్చే కార్యక్రమం. సంక్రాంతికి గోతుల్లేని రోడ్లట. టీవీలో తారు పోస్తుంటే చూస్తూ బోటనీ మాస్టారు అన్నారు: “మీ పరీక్షేదో గోతులు పూడ్చకముందే పెట్టండి మాస్టారూ. లేకపోతే బండి సంగతి ఎలా తెలుస్తుంది?”

ఆయన సరదాకి అన్నా నాకు అది అసలు మాటగా తోచింది. విదేశాల్లో పోలికలు రేసు ట్రాక్ మీద కూడా పెడతారు. మనం బతికేది గజపతినగరం దగ్గర తారు లేచిపోయిన రోడ్డు మీద, రామభద్రపురం మీదుగా వెళ్లే లారీల వెనక. పరీక్షా అక్కడే జరగాలి.

నవంబరు 5

అయ్యకోనేరు గట్టు మీద నడుస్తుంటే ఒక పెద్దాయన కోడి రామ్మూర్తి గారి కబుర్లు చెప్పారు. వీరఘట్టంలో పుట్టి, ఈ విజయనగరంలోనే పెరిగి కండలు పెంచిన మనిషి. రెండు భుజాలకూ గొలుసులు కట్టి, చెరో గొలుసునీ చెరో కారుకి తగిలించి, రెండింటినీ కదలకుండా నిలబెట్టేవారట. చిన్నప్పుడు కథలాగా విన్నాను. ఇవాళ లెక్క వేసుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ రోజుల్లో ఫోర్డు మోడల్ టీకి 20 హార్స్‌పవర్. అసలు ఇంజను ఎంత లాగినా చక్రం నేలను పట్టుకున్నంతే బండి కదులుతుంది, పట్టు తప్పితే అక్కడే తిరుగుతుంది. అలా చూసినా ఒక మనిషి ఒంటితో రెండు బళ్లను ఆపడం మామూలు సంగతి కాదు. కాలేజీలో మా పిల్లలకు ఘర్షణ పాఠంలో రేపు ఇదే లెక్క ఇస్తాను, మన ఊరి పేరుతో.

నవంబరు 9, శనివారం. సాలూరు

మా పరీక్షకు అనుకున్న సాలూరు ఘాటీ ఎలా ఉందో చూసి రావడానికి బస్సులో వెళ్లాను. సాలూరంటే లారీల ఊరు. బైపాసు పొడవునా బాడీ షెడ్లు, వెల్డింగు మెరుపులు, కొత్త తొట్టెలకు ఎర్రరంగు. ఇక్కడి లారీలు ఆ ఘాటీ ఎక్కి కోరాపుట్, రాయపూర్ దాకా పోతాయి. పాతరోజుల్లో ఇది 43వ నెంబరు జాతీయ రహదారి. ఇప్పుడు 26.

ఒక షెడ్డులో బ్రేకు లైనర్లు మారుస్తున్న మేస్త్రీతో మాట కలిపాను. ఆయన చేతిలో అరిగిన లైనరు ఉంది. ఒక పక్క రివెట్లు తేలి, అంచు నల్లగా మెరుస్తోంది. వేలితో రాసి చూపించాడు: “ఇది అరిగింది కాదు మాస్టారూ, కాలింది. ఎక్కడం ఎవుడికైనా వస్తాది. దిగడం సూడాల. ఏ గేర్లో ఎక్కినాడో ఆ గేర్లోనే దిగాల. అలా దిగనోడి బండిదే ఈ ముక్క.”

కార్లకూ అంతేనా అని అడిగాను. “కారైతే ఏటి, లారీ అయితే ఏటి, కొండకి తెలీదు కదేటి” అన్నాడు. దిగేటప్పుడు ఇంజను ఎంత బాగా పట్టి ఉంచుతుందో చూడాలని కాగితంలో రాసుకున్నాను. ఏ పత్రికలోనూ ఈ పరీక్ష పెట్టగా చూడలేదు.

నవంబరు 17, ఆదివారం

తెల్లారకముందే బయలుదేరాం. మేనల్లుడు, మాస్టారు, నేను. ముందే అనుకున్న కట్టుబాట్లు: రెండు బళ్లకూ టైర్లలో గాలి వాటి వాటి తలుపు మీద రాసినంతే, సాలూరు బంకులో రెండు ట్యాంకులూ నిండుగా, ఎవరి బండి నడిపితే ఆ బండాయన పక్కసీట్లో, ఏసీ లేదు, పాటలు లేవు. ఇది పందెం కాదు. మలుపుల్లో ఎవరి వరస వాళ్లదే, గీత దాటేది లేదు. ఇంకొకటి: మొదట ఐ20, తర్వాత వర్టస్, మళ్లీ వర్టస్, చివర ఐ20. రెండోసారి వచ్చేసరికి దారి అలవాటై ఏ బండైనా చురుగ్గా అనిపిస్తుంది. వరస తిరగేస్తే ఆ మోసం పోతుంది.

పాచిపెంట దాటాక మంచు. దారికి రెండు పక్కలా జీడి చెట్లు తడిసి ఉన్నాయి.

ఐ20తో మొదటి ఎక్కుడు. ఎంత ఉత్సాహమైన బండి! సెకండ్ గేర్లో మలుపు లోపలికి తిప్పితే ముక్కు వెంటనే వస్తుంది. సైలెన్సరు నుంచి గరగరమనే గొంతు. మూడు సిలిండర్లు గనక 240 డిగ్రీలకొక పేలుడు. నాలుగైతే 180కి ఒకటి. ఆ ఎడం వల్లే మూడు సిలిండర్ల శబ్దానికి ఆ గరుకుదనం. నాకది నచ్చింది. క్లచ్చు తేలిక, గేరు లివరు చిన్న దూరం కదిలి గట్టిగా కూర్చుంటుంది. ఒక వంపులో ఎగువకు తిరుగుతూ యాక్సిలరేటరు తొందరగా తొక్కితే తడి ఆకుల మీద లోపలి చక్రం జారింది. ఎక్కుడులో బరువు వెనక్కి వెళ్తుంది, ముందు చక్రాలు తేలికవుతాయి, లాగేదీ అవే. ఇది ఏ ముందు చక్రాల బండికైనా తప్పదు. పాదం నెమ్మదిస్తే సర్దుకుంది.

సుంకి దగ్గర టీ. అడ్డరోడ్డు పాకలో అల్లం దంచి వేసిన టీ, వేడివేడిగా. తాగుతూనే రాసేశాను, కాలికి గుర్తున్నంతలోనే.

మాస్టారి వర్టస్‌తో దిగుడు. మూడో గేర్లో పెట్టి పాదం తీస్తే బండి తనంత తనే ఆగుతున్నట్టు నెమ్మదించింది. బ్రేకు అవసరం తగ్గింది. తర్వాత అదే బండితో ఎక్కాను. ఇంజను గొంతు వినబడనే వినబడదు, నెమ్మదిగా ఉందనుకున్నాను. మేనల్లుడు ఫోనులో గడియారం పట్టాడు, మూడో గేర్లో 40 నుంచి 80కి, కొండ కింద ఒకే తిన్నటి ముక్కలో, రెండు బళ్లతో. చెవి ఐ20 అంది, గడియారం వర్టస్ అంది. తేడా కొద్దిపాటిది కాదు. 1600 తిరుగుళ్లకే 250 న్యూటన్ మీటర్లు అందితే గేరు మార్చకుండానే లారీ దాటొచ్చు. ఐ20లో ఒక గేరు దించాలి. దించడం నాకిష్టమే. కానీ ఎదురుగా వచ్చే బస్సు నా ఇష్టం చూసుకోదు.

అసలు తేడా మాత్రం కొండమీద తెలియలేదు. తిరిగి వస్తుంటే గజపతినగరానికి ఇవతల, తారు చెక్కలు చెక్కలుగా లేచిన చోట తెలిసింది. నాన్న ఉండే ఊరికి వెళ్లేటప్పుడు ఇలాంటి ముక్కలు ప్రతిసారీ తగులుతాయి. అరవైలో ఐ20 ప్రతి అంచునీ లెక్కపెట్టి చెప్పింది. నడుముకి తెలిసింది, స్టీరింగుకి తెలిసింది. చేతులు తమంతట తామే పట్టు బిగించి, పాదం బ్రేకు మీదికి వెళ్లింది. బళ్లు మార్చుకుని వెనక్కి వెళ్లి అదే ముక్కలో అదే అరవైలో వర్టస్‌తో వచ్చాను. చక్రాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి, చప్పుడు వస్తోంది, నా భుజాలు మాత్రం కదల్లేదు. బ్రేకు తొక్కాలనే అనిపించలేదు.

టైర్ల వల్లేమో అని అక్కడే లెక్క చూశాం. ఐ20కి 195/55, వర్టస్‌కి 205/55, రెండూ పదహారు అంగుళాలవే. పక్కగోడ ఎత్తు ఒకదానికి 107 మిల్లీమీటర్లు, రెండోదానికి 113. ఆ ఆరు మిల్లీమీటర్లకు ఇంత తేడా రాదు. ఇరుసుల మధ్య దూరం 2580, 2651. దానికి కొంత. మిగిలిందంతా స్ప్రింగులూ డాంపర్లూ. ఎన్ లైన్‌కి మామూలు ఐ20 కంటే బిగువు పెట్టారు, నున్నటి రోడ్డు మీద ఆ బిగువే దాని అందం. మన రోడ్డు మీద వేగమంటే ఎంత గట్టిగా తొక్కగలం అని కాదు, ఎన్నిసార్లు తొక్కడం మానకుండా ఉండగలం అని. 120కీ 150కీ మధ్య ఎంత తేడా అని నెలరోజులుగా తలబద్దలు కొట్టుకున్నాను. తేల్చేది డాంపరు.

నవంబరు 18

స్టాఫ్ రూంలో కబుర్లు. కెమిస్ట్రీ మాస్టారు, “ఏదైనా నాలుగు చక్రాలే కదా” అన్నారు. కాదని గట్టిగానే చెప్పాను. ఒక మనిషి నెలనెలా సొమ్ము కట్టి రోజూ చేత్తో పట్టుకునే వస్తువు. దాని మంచిచెడ్డలు చేత్తోనే తెలుసుకోవాలి. చీర కొనేముందు పోగు తీసి చూస్తాం, పొందూరు ఖద్దరైతే వెలుతురుకి పట్టి చూస్తాం. బండి దగ్గరికొచ్చేసరికి యాడ్ చూసి కొనేస్తాం.

నవంబరు 24, ఆదివారం. నరసన్నపేట దగ్గర, మా ఊరు

రెండు బళ్లూ తీసుకెళ్లాం. నాన్నని కూర్చోబెట్టాలి. మడపాం దగ్గర వంశధార వంతెన దాటి ఊళ్లోకి. నాన్న వరి కోత పనుల్లో ఉన్నారు. కాళ్లు కడుక్కుని వచ్చి ముందు ఐ20 వెనక సీటు ఎక్కారు.

“ఏట్రా, మోకాళ్లు సీటుకి తగిల్తన్నాయి.”

తర్వాత వర్టస్. ఎక్కడానికి వంగాల్సి వచ్చింది. కూర్చున్నాక కాళ్లు చాపుకున్నారు. చెరువు గట్టు మీదుగా పేట దాకా తీసుకెళ్లి తెచ్చాను. “కూకున్నాక బావుంది. లెగడమే కష్టం. ఇంత నేలకి దగ్గరగా ఎందుకు సేసారో” అన్నారు. తలుపు పైనున్న పిడి పట్టుకుని ఎలా లేవాలో మాస్టారు చూపించారు. నాన్న మళ్లీ ఎక్కి మళ్లీ దిగి చూశారు. అప్పుడు అన్నారు: “నువ్వు నడిపినప్పుడు మొకం బావుందిరా. దీంట్లోనే.”

అమ్మ మేనల్లుడికి అరిసెలు కట్టి ఇచ్చింది. వాడు దారంతా మౌనంగా ఉన్నాడు. ఎచ్చెర్ల దాటాక, “మావయ్యా, నా బండి తక్కువదేం కాదు కదా” అన్నాడు. కాదు. ఘాటీలో నన్ను నవ్వించింది నీ బండే అని చెప్పాను. అది నిజం. వాడి వయసులో ఉంటే నేనూ అదే కొందును.

డిసెంబరు 1, ఆదివారం. విశాఖపట్నం

2023 మోడల్ వర్టస్ జీటీ మాన్యువల్ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. ఏపీ 39 నెంబరు, ఒకే యజమాని, బ్యాంకు ఉద్యోగి, బదిలీ మీద వెళ్తున్నారు. కొత్తదాంతో పోలిస్తే నా లెక్కలో ఇముడుతుంది.

ఇక్కడే ఈ పద్ధతి ఎక్కువ పనికొచ్చింది. మాస్టారి బండి వెంట తీసుకెళ్లాం. ఒకే మోడల్, ఒకే ఇంజను, ఒకే రోడ్డు, వెంటవెంటనే. ఆనందపురం వైపు ఆరు వరసల రోడ్డు మీద ముందు మాస్టారిది, తర్వాత ఇది. ఇంజను అదే, క్లచ్చు అదే. తొంభైలో మాత్రం స్టీరింగులో సన్నటి వణుకు. మాస్టారి దాంట్లో లేదు. ఇదొక్కటే నడిపి ఉంటే ఈ బండి స్వభావమే ఇంతేమో అనుకుందును. ఆపి టైర్లు తడిమితే ముందు ఎడమ టైరు లోపలి అంచు అరిగి, గీతలు దాదాపు చెరిగిపోయాయి. చేత్తో ఒకవైపు రాస్తే నున్నగా, రెండోవైపు రాస్తే పళ్లలాగా తగులుతోంది. ఎప్పుడో గోతిలో పడి అలైన్‌మెంటు తప్పింది. మనిషి మంచివారు, మేం చూపించగానే తనూ వంగి తడిమి, “నాకు అలవాటైపోయి తెలియలేదండీ” అన్నారు.

బండి కింది భాగాలన్నీ లిఫ్టు మీద చూపించాం. లోయర్ ఆర్ము వంగలేదు, డాంపర్లలో నూనె కారలేదు. రెండు కొత్త టైర్లు, అలైన్‌మెంటు. ఆ మేరకు ధర తగ్గించడానికి ఒప్పుకున్నారు.

డిసెంబరు 8, ఆదివారం

అడ్వాన్సు ఇచ్చాను. ఈ నెల 16న నెలగంట. ఆలోపు బండి ఇంటికి రావాలని మా ఆవిడ పట్టు. శుక్రవారం పైడితల్లమ్మ గుడి దగ్గర పూజ, నిమ్మకాయలు చక్రాల కింద. తర్వాత ఆదివారం అరసవల్లి.

మార్చిన టైర్లతో ఇవాళ మళ్లీ మాస్టారి బండి పక్కన పెట్టి నడిపాను. నూట పది దాకా వణుకు లేదు. మూడో గేర్లో దిగుడు పరీక్ష మిగిలింది. జనవరిలో సాలూరు వెళ్లి ఆ మేస్త్రీని పక్కసీట్లో కూర్చోబెట్టుకుని ఘాటీ దిగాలి, వస్తానని ఫోనులో ఒప్పుకున్నాడు.